అడిగే మనిషి ఎనెలెసి

మడిచిన గుడ్డను ఎనెలెసి మళ్ళీ విప్పి, అరచేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకుంది. దాని కింద రక్తపోటు చూసే పట్టీ, సబ్బు, మధ్యాహ్నానికి ఉడకబెట్టిన చిలగడదుంపలు ఉన్నాయి. గుడ్డ మాత్రం చెయ్యి పెట్టగానే అందాలి. ఏళ్ళ తరబడి ఆ క్రమం మారలేదు.

బయట చిపెరోని జల్లు పడుతోంది. చలికాలంలో కొండ మీంచి దిగివచ్చే ఆ సన్నవాన గొడుగుకు లొంగదు. పక్కనుంచి వచ్చి, కిందనుంచి వచ్చి, ఎముకల దాకా తడుపుతుంది. ఆమె తలకు గుడ్డ కట్టుకుని, టైరు చెప్పులు తొడుక్కుని, తలుపు దగ్గరకు లాగి బయల్దేరింది.

పొడుగు మనిషి ఎనెలెసి. అరవై దగ్గరపడుతున్నా మెడ వంగలేదు. చెంపలు లోపలికి పోయి దవడ ఎముకలు తేలాయి గాని, ముఖం మీద ముడతలు కళ్ళ చివర్లలోనే ఉన్నాయి. నడిచేటప్పుడు ఎడమ పాదం కొద్దిగా ఈడుస్తుంది. అందుకే ఆమె ఎడమ చెప్పు ఎప్పుడూ ముందు అరుగుతుంది. మోకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి నడిచే ఆ నడకను చూసి పిల్లలు వెనకనుంచి అనుకరిస్తారు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే చెట్టు చాటుకు పారిపోతారు. ఒక్కోసారి కావాలనే తిరిగి చూస్తుంది.

ఆరోగ్య కేంద్రం వెనక రెండు గదులు పరిశోధన వాళ్ళవి. గర్భంతో ఉన్న ఆడవాళ్ళ పేర్లు రాసుకుని, కాన్పు అయిన ఆరు వారాలకు మళ్ళీ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఎలా ఉన్నారో అడగడం అక్కడి పని. జ్వరం వస్తోందా, రక్తం ఇంకా పోతోందా, నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపు వస్తోందా, ఒంటేలు ఆగుతోందా. కొండ చుట్టూ ఉన్న ఊళ్ళలో వాళ్ళకు 'అడిగేవాళ్ళు' అనే పేరు స్థిరపడిపోయింది. ఇదంతా మొదలుపెట్టింది డాక్టర్ తియమికె. నగరంలో పెరిగిన మనిషి, ముప్పై అయిదు దాటలేదు. ఎనెలెసిని పనిలోకి తీసుకున్న రోజున ఆమె ఒక మాట అంది: "తల్లి బతికింది అని రాసి అందరూ అక్కడితో ఆపేస్తున్నారు పెద్దమ్మా. ఎలా బతుకుతోందో ఎవరూ అడగలేదు. మనం అడుగుదాం." ఆ మాట కోసమే ఎనెలెసి ఈ పనిలో చేరింది. జీతం ఎంతని అడగడం కూడా మరిచిపోయింది.

ఇవాళ డాక్టర్ ముఖం బాగాలేదు.

"జాబితాలోంచి మలితా పేరు తీసేస్తున్నాను పెద్దమ్మా. మనవాళ్ళు రెండుసార్లు వెళ్ళొచ్చారు. మొగుడి దగ్గరికి జోనీ వెళ్ళిపోయిందని చెబుతోందట వాళ్ళమ్మ."

ఈ ప్రాంతంలో సగం ఇళ్ళ మగవాళ్ళు దక్షిణాఫ్రికాలోనే ఉంటారు. ఆ దేశం మొత్తాన్నీ ఇక్కడివాళ్ళు జోనీ అనే అంటారు.

"ఏ బస్సులో వెళ్ళిందట?" అని అడిగింది ఎనెలెసి.

"అదేంటి అలా అడిగారు?"

"ఆ పిల్ల బస్సు ఎక్కితే కక్కుతుంది డాక్టరమ్మా. నిండు కడుపుతో కూడా ఇక్కడిదాకా నడిచే వచ్చేది. ఇంట్లో కాన్పయింది, బిడ్డ పోయింది. ఆ ఒంటితో అంత దూరం బస్సులో కూచుందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు."

డాక్టర్ పెన్ను మూత పెట్టేసింది. "సరే, మీరొకసారి వెళ్ళి చూడండి. మరి నా ముందు ఎప్పుడు కూచుంటారు? గుండె చూస్తానని ఎన్నాళ్ళుగా చెబుతున్నాను?"

"వచ్చాక."

"పోయినవారమూ వచ్చాకే అన్నారు."

"పోయినవారమూ వచ్చానుగా!" అని నవ్వేసి ఎనెలెసి సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాటాక గోడ పట్టుకుని కాసేపు ఆగింది. వానలు వెళ్ళినప్పటి నుంచి ఇలాగే ఉంది. ఛాతీ మీద ఎవరో మోకాలు ఆనించినట్టు ఉండి, తర్వాత దానంతట అదే వదిలేస్తుంది.

బండి దగ్గర డ్రైవరు జైలోసి అద్దం తుడుస్తున్నాడు. ఈ పనికి కొత్త. నోరు ఊరుకోదు.

"సీటు శుభ్రంగా తుడిచానక్కా. నీ గుడ్డ పరిచే పనిలేదు ఇవాళ."

ఎనెలెసి సంచిలోంచి గుడ్డ తీసి సీటు మీద పరిచి, దాని మీద కూచుంది.

"చూశావా! నా బండంటే అంత అసహ్యమా నీకు? మొన్న బిషప్పుగారు ఎక్కారు. ఆయనే ఏమీ పరుచుకోలేదు."

"బిషప్పుగారిని ఎక్కించుకున్నప్పుడూ ఇలాగే వాగావా? ముందు రోడ్డు చూడు."

తేయాకు తోటల మధ్య ఎర్రమట్టి రోడ్డు. జల్లులో కొండ కనబడటం లేదు. ఎనెలెసి పుట్టిన ఊరు కొండకు అవతల, సరస్సు ఒడ్డున ఉంది. ఇక్కడ ఎవరికీ ఆ ఊరు తెలియదు. తెలియకూడదనే ఆమె ఇటు వచ్చి స్థిరపడింది.

పదిహేడో ఏట మొదటి కాన్పు. నొప్పులు మొదలైన రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా గడిచాక ఎద్దుబండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మగపిల్లాడు. ఊపిరి లేదు. బిడ్డ తల రోజుల తరబడి అక్కడే నొక్కుకుని ఉండటంతో లోపల మూత్రపు సంచికి చిల్లి పడింది. ఎడమ కాలికి పట్టు పోయింది. కాలు కొంత తిరిగి వచ్చింది. ఒంటేలు మాత్రం ఇక ఆగలేదు. కూచున్నా, నడిచినా, నిద్రపోయినా కారుతూనే ఉండేది. మొగుడు కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకనాడు తన గొడ్డలీ దుప్పటీ తీసుకుని వాళ్ళమ్మ ఊరికి వెళ్ళిపోయాడు. చర్చిలో ఆమె కూచున్న బల్ల వారం వారం ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి బల్ల మీద తనొక్కతే మిగిలిన ఆదివారం నాటి నుంచి వెళ్ళడం మానేసింది. తల్లి పెరట్లో పాక వేసింది. పదమూడేళ్ళు ఆ పాకలో ఉంది ఎనెలెసి. తొలిచూలు బిడ్డ పేరుతో 'ఫలానా వాళ్ళమ్మా' అని పిలిచే దేశంలో, ఆమెను ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు.

కొండ ఇవతలి మిషన్ ఆస్పత్రికి ఇలాంటి చిల్లులు కుట్టే డాక్టరు వస్తున్నాడని రేడియోలో విన్నది తల్లి. లారీ ఎక్కిస్తే, మిగతా జనం ముక్కులు మూసుకుని దారిలో దింపేయమన్నారు. దిగి నడిచింది. ఆపరేషను అయ్యి, ఒంటేలు పోవడానికి పెట్టిన గొట్టం తీసేసిన మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చి, దుప్పటి కింద చెయ్యి పెట్టి పరుపు తడిమింది. పొడిగా ఉంది. నర్సు వచ్చి 'ఏంటి, చెయ్యి నొప్పా?' అని అడిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. అదే ఆస్పత్రిలో ఊడ్చే పనికి కుదిరింది. ఆడవాళ్ళు డాక్టరుకు చెప్పని సంగతులు ఊడ్చే మనిషితో చెప్పుకోవడం అక్కడివాళ్ళు గమనించారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి పరిశోధనలోనూ ఆమెను పిలిచారు. మలేరియా మాత్రల పరిశోధన, రక్తహీనతది, ఇప్పుడు ఇది. ఎన్ని గడపలు తొక్కిందో ఆమెకే తెలియదు. అందరినీ అడిగింది. తన సంగతి మాత్రం ఏ గడపలోనూ చెప్పలేదు.

మొదటి ఇంట్లో పని తొందరగానే తెమిలింది. పిల్ల తల్లి పుష్టిగా ఉంది. ఆమె అమ్మమ్మే వసారాలో కూచుని స్వాగతం పలికింది.

"వచ్చారమ్మా అడిగేవాళ్ళు! రేపు మా కోడి గుడ్డు పెడుతుంది, దాన్నీ అడిగి పో. నొప్పి ఎలా ఉందే, నిద్ర పడుతోందా అని."

"దాని పేరు రాయించండి, తప్పకుండా వస్తాను," అంది ఎనెలెసి, పట్టీ తీస్తూ. "ముందు మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

"నాకెందుకే? నేనేం కన్నాను?"

"ఆ నోటికి రక్తం ఎంత జోరుగా పారుతోందో చూద్దామని."

ముసలమ్మ పగలబడి నవ్వి చెయ్యి చాపింది. వెళ్ళేటప్పుడు రెండు అరటిపళ్ళు సంచిలో కుక్కింది.

వంతెన కొట్టుకుపోయిన చోట జైలోసి బండి ఆపేశాడు. అక్కడి నుంచి కాలిబాట. ఎనెలెసి రాళ్ళ మీదుగా వాగు దాటి, మొక్కజొన్న దంట్లు కోసేసిన చేల మధ్యనుంచి ఎక్కసాగింది. ఎక్కుడులో రెండు చోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా కిందనున్న లోయను చూస్తున్నట్టు నిలబడింది. లోయలో మబ్బు తప్ప ఏమీ లేదు.

మలితా వాళ్ళమ్మ నాగామా వంటపాక ముందు రోలు దగ్గర ఉంది. గట్టి మనిషి, భుజాలు మగవాడివిలా ఉన్నాయి. మనిషిని చూడగానే రోకలి ఆపి, పాక తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"మళ్ళీ వచ్చారా? చెప్పాను కదమ్మా, పిల్ల లేదు. జోనీ వెళ్ళింది."

"విన్నాను చెల్లీ. తడిసిపోయాను, కాసేపు పొయ్యి దగ్గర కూచుని పోతాను."

వచ్చిన మనిషిని వానలో నిలబెట్టడం ఎవరికీ చేతకాదు. నాగామా పక్కకు తప్పుకుంది. ఎనెలెసి పీట మీద తన గుడ్డ పరుచుకుని కూచుని, చేతులు మంట మీద చాపింది. పొయ్యి మీద పెద్ద కుండ మరుగుతోంది. పైన దూలాల నుంచి దూలాలకు తాళ్ళు. తాళ్ళ నిండా, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే చితెంజె బట్టను చింపిన గుడ్డలు, అన్నీ ఒకే కొలత, పొగకు నల్లబడి వేలాడుతున్నాయి. చిపెరోని పడుతున్న వారంలో ఈ కొండ మీద ఎవరూ బట్టలు ఉతకరు.

ఆమె కాసేపు వాన గురించి మాట్లాడింది. మొక్కజొన్నకు పట్టిన పురుగు గురించి మాట్లాడింది. ఆ తర్వాత కుండలోకి చూస్తూ అంది:

"జామాయిల్ ఆకులు కాస్తున్నావు."

"నాకే. ఒళ్ళు నొప్పులు."

"ఉప్పు వేస్తున్నావా అందులో?"

"గుప్పెడు వేస్తాను."

"చిటికెడే వెయ్యి. ఎక్కువైతే తొడలు మండుతాయి. కడిగాక కొబ్బరి నూనె గాని, ఏమీ లేకపోతే వంటనూనె గాని పలచగా రాయి. పుండు పడదు."

నాగామా చేతిలో రోకలి అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గోడకు ఒకసారి ఆనించి, మళ్ళీ తీసుకుంది.

"నీకెలా తెలుసు?"

"పదమూడేళ్ళు కాచుకున్నాను."

రోకలి కింద పడింది. నాగామా నేల మీద చతికిలబడి, ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి వినబడకుండా గుడ్డ నోట్లో కుక్కుకుంది. వెనక పాకలో కూతురికి వినబడకుండా ఏడవడం ఆమెకు బాగా అలవాటైనట్టుంది.

"మా అన్న చెప్పమన్నాడు జోనీ అని. అల్లుడికి తెలిస్తే వాడు అక్కడే ఇంకోదాన్ని చూసుకుంటాడని. నేను రోజూ ఉతుకుతున్నానక్కా. ఎంత ఉతికినా..."

"తెలుసు. లే. పిల్ల దగ్గరికి తీసుకెళ్ళు."

పెరటి పాక చిన్నదే గాని శుభ్రంగా ఉంది. నేల అలికి ఉంది. మూలన చాప మీద, గోడవైపు తిరిగి, మలితా పడుకుని ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్య కేంద్రంలో బరువు చూసే యంత్రం ఎక్కి గంతులేసిన మనిషి. ఇప్పుడు భుజం ఎముక చొక్కాలోంచి పొడుచుకు వస్తోంది. పెదాలు ఎండి పగిలాయి.

ఎనెలెసి ఆ తడి చాప మీద, ఏమీ పరుచుకోకుండా, పిల్ల నడుము పక్కన కూచుంది.

"నీళ్ళు తాగడం మానేశావు కదూ?"

మలితా మోకాళ్ళు ఇంకా దగ్గరకు ముడుచుకుంది.

"తాగితే కారుతుందని మానేశావు. తాగకపోతే ఇంకా మండుతుంది, ఇంకా వాసన వేస్తుంది. నేనూ అలాగే చేశాను, బుద్ధిలేక."

పిల్ల తల కొద్దిగా తిరిగింది. "వెళ్ళు అవ్వా. ఇక్కడ వాసన."

"నాకేం రావడం లేదు."

"అబద్ధం."

"అవును, అబద్ధమే. వస్తోంది. నా దగ్గర ఇంతకన్నా ఎక్కువ వచ్చేది. మా ఊళ్ళో మేకలు కూడా నా పాకకు దూరంగా తిరిగి పోయేవి."

మలితా నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వూ కాదు, దగ్గూ కాదు. ఆ తర్వాత లేచి కూచుంది. ఎనెలెసి చెయ్యి పట్టుకుని, పొయ్యి దగ్గర ఆరిన ఆమె బట్టను వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూసింది. మోకాలి దగ్గర, తొడ దగ్గర, ఒళ్ళో. ఎనెలెసి కదలకుండా కూచుని తడమనిచ్చింది.

"ఇప్పుడు రాదా నీకు?"

"రాదు."

"దగ్గినా?"

"దగ్గినా రాదు. చూస్తావా?" అని గట్టిగా దగ్గి చూపించింది.

అప్పుడు ఏడ్చింది మలితా. కాన్పు నాటి నుంచి ఆమె ఏడవలేదని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. ఎనెలెసి నీళ్ళ చెంబు తెప్పించి గుటక గుటకగా తాగించి, విషయం విడమరిచి చెప్పింది. కాన్పయి ఎన్నో వారాలు కాలేదు. పుండు పచ్చిగా ఉన్నప్పుడే గొట్టం పెడితే చిన్న చిల్లి దానంతట అదే పూడే వీలుంది. పూడకపోతే కుట్టే డాక్టర్లున్నారు. ఆలస్యం చేస్తే మాత్రం కష్టం.

"బస్సు ఎక్కాలా?"

"బస్సు కాదు. మా బండి వస్తుంది. వాగు దగ్గర ఎక్కుదువు."

"నువ్వు వస్తావా?"

"వస్తాను."

"ఆస్పత్రిలో కూడా ఉంటావా?"

"ఉంటాను. ప్రయాణంలో నమలడానికి ఏమైనా పట్టుకొస్తాను. నోరు ఆడుతుంటే కడుపులో తిప్పదు."

ఇంకా ఒక గడప దాటాలి. ఇక్కడి ఇళ్ళలో పిల్లలు తల్లి వంశానివాళ్ళు. మేనమామ మాట కాదని ఏదీ జరగదు. కబురు వెళ్ళగానే లెక్సన్ చేలోంచి వచ్చాడు. భుజాన పార, కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద. సంగతి వింటుండగానే మెడ నరాలు పొంగాయి.

"మీకు కావలసింది ఒక పేరు. రాసుకుంటారు, పోతారు. ఊరంతా మా పిల్ల గురించి చెప్పుకుంటుంది. తర్వాత దాన్ని ఎవడు ఏలుకుంటాడు? నువ్వా?"

గొంతు విని పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు కంచె దగ్గరకు వచ్చి నిలబడ్డారు. నాగామా వాళ్ళను చూసి తల దించుకుంది.

"అడుగుతున్నాను, చెప్పు. నీకు పిల్లలున్నారా అసలు?" అన్నాడు లెక్సన్.

ఎనెలెసి కంచె వైపు ఒకసారి చూసింది. ఇందాక పాకల్లో చెప్పింది తల్లికీ కూతురికీ మాత్రమే. ఇక్కడ చెబితే సాయంత్రానికి కింద సంతదాకా పాకుతుంది. ఇన్నేళ్ళుగా కొండకు అవతల పాతిపెట్టి వచ్చిన సంగతి. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ఒకడు పుట్టాడు అన్నా. ఊపిరి లేదు. వాడితోపాటే నాకూ మీ పిల్లకు వచ్చిందే వచ్చింది. మా ఇంట్లోనూ మామయ్య ఉండేవాడు, మంచివాడే. పరువు పోతుందని పెరట్లో ఉంచుదామన్నాడు. అమ్మ సరేనంది. పదమూడేళ్ళు. ఒక చిన్న ఆపరేషనుతో పోయింది అది. ఆ పదమూడేళ్ళూ మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు. మా మామయ్య చచ్చిపోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు, చెప్పలేకపోయాడు. మీరు అలా అవకండి."

కంచె దగ్గరి ఆడవాళ్ళలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. లెక్సన్ పార దించి గోడకు ఆనించాడు. కడవలోంచి నీళ్ళు ముంచుకుని, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. బురద పోయాక కూడా కడుక్కున్నాడు.

"బండి ఎక్కడిదాకా వస్తుంది?"

"వాగు దాకా."

"రేపు పొద్దున్నే సైకిలు మీద దింపుతాను. కుదుపు లేకుండా నడిపించుకు వస్తాను."

దిగేటప్పటికి పొద్దు వాలింది. జైలోసి బండిలో నిద్రపోతున్నాడు. తలుపు చప్పుడుకు లేచి, ఇంజను తిప్పి, పక్కకు చూసి ఆశ్చర్యపోయాడు. ఎనెలెసి సంచి ఒళ్ళో పెట్టుకుని, ఉత్త సీటు మీద వెనక్కి చేరగిలబడి కూచుని ఉంది.

"గుడ్డ పరవడం మర్చిపోయావక్కా."

"మర్చిపోలేదు."

అతను ఆమె ముఖం చూసి బండి కదిలించాడు. దారిలో ఆమె అరటిపండు ఒలిచి సగం అతనికి ఇచ్చింది. డాక్టర్ తియమికెకు ఫోను చేసి మలితా దొరికిందని చెప్పింది. "పొద్దున నేనూ వస్తున్నాను బండిలో," అంది డాక్టర్. "మనం ముగ్గురం వెనక కూచుందాం. మీ గుండె కూడా అక్కడే చూపిద్దాం, ఇక తప్పించుకోలేరు." ఇంటి దగ్గర దిగినప్పుడు ఎనెలెసి, జైలోసితో, రేపు హారను కొట్టవద్దని, పక్కింటి పసిపిల్ల లేస్తుందని చెప్పింది.

మర్నాడు జైలోసి హారను కొట్టలేదు. వాకిట్లోకి వచ్చేసరికి ఎనెలెసి బయటే ఉంది. ప్రయాణానికి తయారై, ఉతికిన తలగుడ్డ కట్టుకుని, అరుగు మీద గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఒళ్ళో చేట ఉంది. "అక్కా, కునుకు తీస్తున్నావా?" అన్నాడు. దగ్గరకు వెళ్ళి మళ్ళీ అన్నాడు. ఆ తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకుని, బండి దగ్గరున్న డాక్టరును పిలిచాడు.

డాక్టర్ తియమికె ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. చల్లబడింది. ఎంతసేపైందో చెప్పగలదు గాని చెప్పలేదు. చేతులు రెండూ ఆమె ఒళ్ళోకి చేర్చి, తలగుడ్డ సరిచేసి, అక్కడే మోకాళ్ళ మీద కూచుండిపోయింది. పక్కింటామె వచ్చి చేటను తీసి అరుగు చివర పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు రాసాగారు.

వాగు దగ్గర లెక్సన్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మలితా వెనక కూచుని ఉంది, నడుము చుట్టూ గుడ్డలు మందంగా కట్టుకుని. బండి దిగిన డాక్టర్ ముఖం చూడగానే లెక్సన్‌కు అర్థమైంది. డాక్టర్ ఉన్న మాటే చెప్పింది.

"అయితే ఇవాళ వద్దులే," అన్నాడు లెక్సన్, మేనకోడలి వంక చూడకుండా. "ఇంకో రోజు చూద్దాం."

మలితా సైకిలు దిగింది. రాళ్ళ మీద నిలబడింది. ఒంటేలు కాళ్ళ వెంట కారి చెప్పుల్లోకి వెళుతోంది. ఆమె దాన్ని దాచుకునే ప్రయత్నం చెయ్యలేదు.

"పెరట్లో పాకలోకి మళ్ళీ పోలేను మామయ్యా," అంది. డాక్టర్ వైపు తిరిగి, "అవ్వ ఇల్లు దారిలోనేగా? అక్కడ ఒక్క నిమిషం ఆపుతారా?" అని అడిగింది.

ఎనెలెసి వాకిలి నిండిపోయింది. ఆమె అడిగిన ఆడవాళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చారు. వీపున బిడ్డలను కట్టుకున్నవాళ్ళు, బిడ్డలు లేనివాళ్ళు, నిన్నటి ముసలమ్మ కూడా మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. కొండ పైనుంచి కబురు అప్పటికే దిగింది. ఎనెలెసి ఒకప్పుడు ఎలా బతికిందో ఆ వాకిట్లో అందరికీ తెలుసు. మలితా బండి దిగి లోపలికి నడిచింది. ఆడవాళ్ళు ఆమెను చూశారు, ఆమె వెనక నేల మీద తడి అడుగుజాడలు చూశారు. చాపల మీద కూచున్నవాళ్ళు జరిగి, మధ్యలో చోటు చేశారు. ఆమె కూచున్నాక ఇటువాళ్ళూ అటువాళ్ళూ మళ్ళీ ఆమె దగ్గరకు జరిగారు. ఎవరూ ముక్కు మూసుకోలేదు. నిన్నటి ముసలమ్మ తన భుజం మీది గుడ్డ తీసి పిల్ల ఒళ్ళో వేసింది.

కాసేపటికి బండి కదిలింది. మలితా వెనక సీట్లో కిటికీ పక్కన, డాక్టర్ చెయ్యి పట్టుకుని కూచుంది. దారిలో రెండుసార్లు కక్కుకుంది. జైలోసి రెండుసార్లూ బండి ఆపి నీళ్ళిచ్చాడు.

ఆ తర్వాతి సంగతి చెప్పాలంటే, గొట్టం పెట్టి వారాల తరబడి ఉంచారు. వేళకు వెళ్ళింది కాబట్టి చిల్లి కత్తి పెట్టకుండానే పూడింది. గొట్టం తీసిన మర్నాడు ఆ పిల్ల వార్డులో అందరినీ లేపి తన పరుపు తడిమి చూడమందని నర్సులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మొగుడు జోనీ నుంచి వచ్చాడా లేదా అన్నది వేరే కథ.

ఆ రోజు మాత్రం, మధ్యాహ్నానికి జల్లు వెలిసింది. ఆడవాళ్ళు పాడుకుంటూ ఎనెలెసిని శ్మశానానికి తీసుకెళ్ళారు. వాకిలి ఖాళీ అయింది. అరుగు చివర చేట అలాగే ఉంది. అందులో, దారిలో మలితా నమలడానికని ఎనెలెసి పొద్దున్నే కూచుని ఒలవడం మొదలుపెట్టిన వేరుశనక్కాయలు. గింజలు ఒక పక్క, ఇంకా ఒలవాల్సిన కాయలు ఒక పక్క, వాటి మధ్య బొటనవేలితో నొక్కి పగలగొట్టి ఇంకా విప్పని కాయ ఒకటి.